అంచనా యంత్రానిది, గడువు అల్లాహ్‌ది

డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన సునె లేమాన్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు 2023 డిసెంబరులో ఒక పరిశోధనా పత్రాన్ని ప్రచురించారు. ఆ దేశంలో ప్రతి పౌరుని చదువు, ఉద్యోగం, జీతం, నివాసం, జబ్బు, చికిత్స వంటి వివరాలను ప్రభుత్వం ఏళ్ల తరబడి భద్రపరుస్తుంది. దాదాపు 60 లక్షల మందికి సంబంధించిన ఆ వివరాలను, పేర్లు తొలగించి, కృత్రిమ మేధకు నేర్పారు. వాక్యంలో మాట తరువాత మాట వచ్చినట్లే జీవితంలో ఘట్టం తరువాత ఘట్టం వస్తుంది. వాక్యంలో రాబోయే మాటను ఊహించగల యంత్రం, జీవితంలో రాబోయే ఘట్టాన్ని కూడా ఊహించగలదా? ఇదీ వారి ప్రశ్న. తాము నిర్మించిన ఆ యంత్ర నమూనాకు లైఫ్‌టువెక్ అని పేరు పెట్టారు. 35 నుండి 65 ఏళ్ల మధ్య వయసు వారిలో రానున్న నాలుగేళ్లలో ఎవరు మరణిస్తారు, ఎవరు జీవించి ఉంటారు అని అడిగితే, అది సుమారు 78 శాతం సందర్భాలలో సరిగ్గా చెప్పింది.

ఈ వార్త ప్రపంచమంతటా ‘మరణాన్ని ముందే చెప్పే యంత్రం’ అనే పేరుతో పాకిపోయింది. ఆ వెంటనే, మీ వివరాలు ఇవ్వండి, మీ మరణ సంవత్సరం చెబుతాం అంటూ నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయి. తమ నమూనాను ప్రజలకు అందుబాటులో ఉంచనే లేదనీ, తమ పేరు చెప్పుకొని తిరిగే వారితో తమకు సంబంధం లేదనీ ఆ పరిశోధకులే హెచ్చరించవలసి వచ్చింది. బీమా కంపెనీలు ఇటువంటి నమూనాను వాడరాదని కూడా లేమాన్ చెప్పారు.

మన ఇళ్లలోనూ ఈ ముచ్చట నడుస్తోంది. కొందరు దీనిని వినగానే, ఇది అగోచర జ్ఞానంలో వేలు పెట్టడమే, ఆ చదువే నిషిద్ధం అంటున్నారు. మరికొందరు ఫోనులో వచ్చిన అంకెను నుదుటి రాతగా భావించి బెంబేలెత్తుతున్నారు. ఈ రెండు మార్గాలూ విశ్వాసికి తగినవి కావు. ఆ యంత్రం నిజంగా ఏమి చెబుతుందో, ఏమి చెప్పలేదో ముందు తెలుసుకుందాం.

గుంపు లెక్క వేరు, మనిషి లెక్క వేరు

ఆయుర్దాయాన్ని లెక్కగట్టడం నిన్న మొన్నటి విద్య కాదు. తోకచుక్కకు తన పేరు వచ్చిన ఎడ్మండ్ హేలీ అనే ఆంగ్ల శాస్త్రవేత్త, 1693లోనే బ్రెస్లౌ నగరపు జనన మరణాల పట్టికలను ఆధారం చేసుకొని, ఏ వయసు వారిలో ఎందరు ఇంకెంత కాలం జీవిస్తారో లెక్క కట్టాడు. నేటి జీవిత బీమా వ్యాపారం అటువంటి పట్టికల మీదనే నిలిచి ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 సంవత్సరాలు. నేడది 70 సంవత్సరాలు. దీని అర్థం ఆనాటి వారంతా 32వ ఏట మరణించారని కాదు. ఎందరో పసిబిడ్డలు ఒడిలోనే కన్నుమూసేవారు. ఎందరో తల్లులు కాన్పులోనే పోయేవారు. వారిని దాటి బతికిన తాతలు 80 ఏళ్లు కూడా జీవించారు. సగటు సమూహానికి చెందినది. అందులోని ఏ ఒక్కరికీ అది గడువు కాదు.

ఇప్పుడు ఆ 78 శాతం సంగతి చూద్దాం. పరిశోధకులు తమ పరీక్ష కోసం ఎంచుకున్న వారిలో సగం మంది ఆ నాలుగేళ్లలో మరణించినవారు, సగం మంది జీవించి ఉన్నవారు. అటువంటి చోట కళ్లు మూసుకొని నాణెం ఎగరవేసినా 50 శాతం సరిపోతుంది. కాని నిజ జీవితంలో ఆ వయసు వారిలో నాలుగేళ్లలో మరణించేవారు కొద్దిమందే. ఉదాహరణకు ఒక ఊరిలో ఆ వయసు వారు 1000 మంది ఉన్నారనీ, వారిలో 20 మంది నాలుగేళ్లలో మరణిస్తారనీ అనుకుందాం. రెండు వర్గాలలోనూ నూటికి 78 సార్లు సరిగ్గా చెప్పే యంత్రం ఒకటి ఉందనుకుందాం. మరణించబోయే 20 మందిలో సుమారు 16 మందిని అది గుర్తిస్తుంది, నలుగురిని గుర్తించలేదు. జీవించబోయే 980 మందిలో సుమారు 216 మందికి మాత్రం ‘మీరు మరణిస్తారు’ అని తప్పుగా చెబుతుంది. అంటే ఆ ఊరిలో మరణ వార్త అందుకున్న 232 మందిలో 216 మంది నాలుగేళ్ల తరువాత కూడా పిల్లాపాపలతో పండుగ చేసుకుంటూనే ఉంటారు. నలుగురు మాత్రం, నిశ్చింతగా ఉండమని యంత్రం చెప్పినా, తమ ప్రభువు వద్దకు వెళ్లిపోతారు. అంకె పెద్దదని భయపడేవారు ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూసుకోవాలి.

రక్తపు బొట్టులో గడియారం

కృత్రిమ మేధకు తోడుగా జీవశాస్త్రం కూడా ఈ దారిలో నడుస్తోంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త స్టీవ్ హోర్వాత్ 2013లో ఒక ‘గడియారాన్ని’ ప్రకటించారు. మన కణాలలోని డి.ఎన్.ఏ. పోగు మీద మిథైల్ అనే సూక్ష్మమైన రసాయన గుర్తులు అంటుకుంటూ, తొలగుతూ ఉంటాయి. వయసుతో పాటు ఆ గుర్తుల అమరిక మారుతుంది. అటువంటి 353 స్థానాలను పరిశీలించి, మనిషి పుట్టిన తేదీ చెప్పకపోయినా అతని వయసును మూడు నాలుగేళ్ల తేడాతో చెప్పవచ్చునని ఆయన నిరూపించారు. 2019లో ఆయన బృందమే గ్రిమ్‌ఏజ్ అనే మరొక గడియారాన్ని రూపొందించింది. పాశ్చాత్యుల చిత్రాలలో కొడవలి పట్టుకొని మృత్యువుకు ప్రతీకగా కనిపించే ఆకారం పేరే దానికి పెట్టారు. ఇది వయసుతో ఆగక, మరణానికి ఉన్న దూరాన్ని కూడా అంచనా వేస్తుంది.

ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ గ్రిమ్‌ఏజ్ లెక్కలోకి తీసుకునే వాటిలో, పొగ త్రాగడం వలన డి.ఎన్.ఏ. మీద పడిన ముద్రలు కూడా ఉన్నాయి. అంటే ఆ గడియారం చదువుతున్నది విధివ్రాతను కాదు. మన అలవాట్లు మన శరీరం మీద వ్రాసిన వ్రాతను. అల్లాహ్ అప్పగించిన ఈ దేహమనే అమానతును మనం ఎలా వాడుకున్నామో అది చెబుతోంది. వైద్యుడు నాడి పట్టి చెప్పే మాట వంటిదే అది, కొంచెం సూక్ష్మమైనది, అంతే.

సమూహం గురించి ఎంత బాగా తెలిసినా ఒక్క మనిషి విషయంలో అంచనా ఎలా తలక్రిందులవుతుందో చెప్పడానికి ఫ్రాన్స్ దేశపు ఉదంతం ఒకటి చాలు. ఆర్ల్ పట్టణంలో జాన్ కాల్మాన్ అనే వృద్ధురాలు ఉండేది. 1965లో ఆమెకు 90 ఏళ్లు. 47 ఏళ్ల న్యాయవాది ఒకాయన ఆమెతో ఒప్పందం చేసుకున్నాడు. ఆమె జీవించినంత కాలం నెలకు 2500 ఫ్రాంకులు చెల్లిస్తాడు, ఆమె మరణించాక ఇల్లు అతనిది. ఏ పట్టిక చూసినా అతనిదే లాభం. కాని 30 ఏళ్ల పాటు, ఆ ఇంటి విలువకు రెట్టింపుకు పైగా చెల్లించి, ఆ ఇంటిలో ఒక్క రోజైనా ఉండకుండానే 1995లో, 77వ ఏట ఆయనే మరణించాడు. మిగిలిన కాలం అతని భార్య చెల్లించింది. ఆ వృద్ధురాలు 1997లో 122 ఏళ్ల వయసులో మరణించింది. మనిషి చరిత్రలో నమోదైన అత్యధిక ఆయుష్షు అదే. ఒకరి మరణం ఎప్పుడన్న అనిశ్చితి మీద లాభనష్టాలు ఆధారపడిన ఇటువంటి బేరాన్ని మన ధర్మవేత్తలు ‘ఘరర్’ అని ఎందుకు వారించారో ఈ ఉదంతం చెప్పకనే చెబుతుంది.

ఇది జోస్యమా?

సూరహ్ లుక్మాన్ చివరి ఆయతు అల్లాహ్‌కు మాత్రమే తెలిసిన ఐదు విషయాలను పేర్కొంటుంది. మనిషి ఏ నేల మీద మరణిస్తాడన్నది వాటిలో ఒకటి. ప్రతి ప్రాణికీ నిర్ణీత గడువు ఉందనీ, అది వచ్చిన తరువాత ఒక్క ఘడియ వెనుకకు గాని ముందుకు గాని జరగదనీ ఖుర్‌ఆన్ పలు చోట్ల స్పష్టం చేసింది. జోస్యం చెప్పేవాని వద్దకు వెళ్లి అడిగినవాని నమాజు 40 రోజుల వరకు స్వీకరించబడదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు.

కనుక తేడా స్పష్టంగా తెలిసి ఉండాలి. కనిపించే కారణాలను పరిశీలించి, పొగ త్రాగితే ఊపిరితిత్తులు చెడతాయి, రక్తపోటు ఎక్కువైతే గుండెకు ప్రమాదం అని చెప్పడం జోస్యం కాదు. అది అల్లాహ్ సృష్టిలో ఉంచిన కార్యకారణ నియమాలను చదవడం. మబ్బు చూసి వాన రావచ్చునన్న రైతు అగోచర జ్ఞానం తనకు ఉందని చెప్పుకోవడం లేదు. కాని అదే అంచనాను పట్టుకొని, ‘ఫలానా వ్యక్తి ఫలానా సంవత్సరంలో మరణిస్తాడు’ అని ఖాయం చేసి చెప్పినా, విని నమ్మినా మనం హద్దు దాటినట్లే. చెప్పినది జాతకపు కాగితమైనా, మెరిసే తెర అయినా ఆ హద్దు మారదు.

హిజ్రీ 18 ప్రాంతంలో సిరియా ప్రాంతంలో మహమ్మారి వ్యాపించినపుడు హజ్రత్ ఉమర్ (రజి) అటు వెళుతూ దారిలోనే ఆగి, సహచరులతో సంప్రదించి, వెనుదిరగాలని నిర్ణయించారు. ఇది అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోవడం కాదా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. అల్లాహ్ నిర్ణయించిన ఒకదాని నుండి అల్లాహ్ నిర్ణయించిన మరొకదాని వైపుకే తాము వెళుతున్నామని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. లోయలో ఒక వైపు పచ్చిక, మరొక వైపు బీడు ఉంటే ఒంటెను పచ్చిక వైపు తోలేవాడు కూడా విధికి లోబడే ఉన్నాడని వివరించారు. హెచ్చరిక అందినపుడు జాగ్రత్త పడటం విశ్వాసానికి విరుద్ధం కాదు. ఈ కొత్త విద్య వలన ఏ జబ్బు ముందుగా బయటపడుతుందో, ఏ అలవాటు మానుకోవాలో తెలిస్తే దానిని వాడుకోవడంలో దోషం లేదు.

ఒక అంకె, రెండు వాటాలు

గత సంవత్సరం ఒక పెద్దాయన తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మా మద్రసాకు వచ్చారు. ఆయనకు 64 ఏళ్లు, పన్నెండేళ్లుగా మధుమేహం ఉంది. పట్నంలో ఉండే చిన్న కుమారుడు ఒక వెబ్‌సైటులో తండ్రి వివరాలు నింపితే, ఇంకా ఐదేళ్లని వచ్చిందట. ఆనాటి నుండి ఆయనకు నిద్ర లేదు.

“మౌల్వీ సాబ్, లెక్క తేలిపోయింది. కళ్లు మూయకముందే ఇల్లు, మూడెకరాలు ఇద్దరు కొడుకుల పేర రిజిస్ట్రేషన్ చేయించాలి. కాగితం షరియత్ ప్రకారం ఎలా రాయాలో చెప్పండి” అన్నారు.

“భాయ్ సాబ్, మీకు ఆడపిల్లలు లేరా?” అని అడిగాము.

“ఇద్దరున్నారు. వాళ్లకి పెళ్లిళ్లప్పుడే ఇచ్చేశాం కదా!”

“ఆ యంత్రం మిమ్మల్ని ఏమేమి అడిగింది?”

పెద్ద కుమారుడు సమాధానం చెప్పాడు. వయసు, బరువు, బీడీ అలవాటు ఉందా, షుగర్ ఉందా, ఈ నాలుగే. షుగర్ ఎంత ఉందని కూడా అడగలేదు. చివరి సారి రక్తపరీక్ష ఎప్పుడు చేయించారని మేము అడిగితే, తండ్రీ కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండేళ్లు దాటింది. మరణం ఎప్పుడో తెలుసుకోవడానికి పట్టిన శ్రద్ధ, మందు ఎంత వేసుకోవాలో తెలుసుకోవడానికి పట్టలేదు!

ఆయనకు మేము హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉదంతం చెప్పాము. నూమాన్ తండ్రి ఆయనకొక్కరికే ఒక కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని దైవప్రవక్త (స)ను కోరారు. నీ సంతానమందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. లేదనగానే, అల్లాహ్‌కు భయపడి సంతానం మధ్య న్యాయం పాటించమని ఆదేశించి, సాక్ష్యానికి నిరాకరించారు. ఇక పెళ్లి ఖర్చు అంటారా, అది వారసత్వం కాదు. ఆడపిల్ల వాటాను నిర్ణయించినవాడు అల్లాహ్. దానిని రద్దుచేసే అధికారం తండ్రికీ లేదు, అన్నదమ్ములకూ లేదు. నిజంగానే మరణం ముంచుకొచ్చిన రోగి చేసే దానాన్ని సైతం మన ఫిఖ్‌హ్ వీలునామాగానే పరిగణిస్తుంది. మూడవ వంతు మించరాదు, ఇతర వారసుల సమ్మతి లేకుండా ఒక వారసునికి ప్రత్యేకంగా ఇవ్వరాదు. చావు దగ్గర పడిందన్న తలంపు న్యాయాన్ని మరింత గట్టిగా పట్టుకోవడానికే గాని, దానిని తప్పించుకోవడానికి కాదు.

ఆయన చాలా సేపు మౌనంగా కూర్చున్నారు. మరునాడు వైద్యుని వద్దకు వెళ్లారని తరువాత తెలిసింది. పొలం సంగతి ఆ ఇంటిలో ఇంకా నలుగుతూనే ఉంది. ఆ కాగితం మాత్రం రిజిస్ట్రేషన్ కాలేదు.

సాద్ (రజి) మంచం ప్రక్కన

హిజ్రీ 10వ సంవత్సరం, హజ్జతుల్ విదా సమయం. మక్కాలో హజ్రత్ సాద్ బిన్ అబీ వక్కాస్ (రజి) తీవ్రమైన జబ్బుతో మంచం పట్టారు. ఇక బ్రతకనని ఆయనకే తోచింది. పరామర్శకు వచ్చిన దైవప్రవక్త (స)తో, తనకు సంపద ఉంది, వారసురాలు ఒక్క కూతురే, కనుక మూడింట రెండు వంతులు దానం చేయనా అని అడిగారు. వద్దన్నారు ప్రవక్త (స). సగం? వద్దన్నారు. మూడవ వంతుకు అనుమతించి, అదీ ఎక్కువేనన్నారు. వారసులను జనం ముందు చేయి చాచే స్థితిలో వదలి వెళ్లడం కన్నా కలిగినవారిగా వదలి వెళ్లడమే మేలని బోధించారు. అంతేకాదు, సాద్ (రజి) ఇంకా జీవించి, ఆయన వలన ఎందరికో మేలు కలగవచ్చునన్న ఆశను కూడా వ్యక్తం చేశారు.

తరువాత ఏమి జరిగింది? సాద్ (రజి) కోలుకున్నారు. ఖాదిసియ్యా యుద్ధంలో ముస్లిం సైన్యాన్ని నడిపారు. కూఫా నగరాన్ని నెలకొల్పారు. ఆ జబ్బు తరువాత 40 ఏళ్లకు పైగా జీవించారు. ఒక్క కూతురే ఉన్న ఆయనకు మరెందరో బిడ్డలు పుట్టారు. ఈ హదీసును తండ్రి నుండి విని మనకు అందించిన ఆమిర్ ఆ తరువాత పుట్టిన కుమారుడే. ఆ రోజు సాద్ (రజి) తన అంచనాను నమ్మి ఆస్తినంతా పంచివేసి ఉంటే, అప్పటికింకా పుట్టని ఆ బిడ్డల గతి ఏమయ్యేది? ప్రవక్త (స) ఆయనకు గడువు తేదీ చెప్పలేదు. గడువు రేపయినా, నలభై ఏళ్ల తరువాతయినా చెల్లుబాటయ్యే న్యాయమైన లెక్కను నేర్పారు.

ఇదే ఈ శీర్షికలో మేము చెప్పదలచినది. ఎప్పుడు మరణిస్తామో తెలియకపోవడం మనకు లోటు కాదు. తెలియదు కనుకనే ప్రతి రాత్రీ సిద్ధంగా ఉండాలి. తెలియదు కనుకనే మొక్క నాటాలి, పిల్లలను చదివించాలి. ఐదేళ్లే ఉన్నాయని తెలిసినవాడు కుంగిపోవచ్చు. యాభై ఏళ్లు ఉన్నాయని తెలిసినవాడు తౌబాను వాయిదా వేయవచ్చు. ఆ తలుపు మూసి ఉంచడం అల్లాహ్ కారుణ్యమే.

కనుక ఈ నెల ప్రతి ఇంటిలో ఒక సాయంత్రం కూర్చోండి. ఎవరికి ఎంత బాకీ ఉన్నామో, ఎవరి అమానతు మన వద్ద ఉందో వ్రాసి పెట్టండి. భార్యకు మహర్ చెల్లించి ఉండకపోతే అది కూడా అప్పేనని గుర్తుంచుకోండి. వీలునామా చేయవలసినది ఏదైనా ఉంటే, అది వ్రాసి ఉంచకుండా రెండు రాత్రులు గడపడం తగదన్న ప్రవక్త (స) ఉపదేశాన్ని పాటించండి. ఇంటిలోని పెద్దలకు రక్తపోటు, షుగర్ పరీక్షలు చేయించండి. బీడీ, సిగరెట్, గుట్కా మానిపించండి. ఆయుష్షులో వృద్ధి కోరేవారు బంధుత్వ సంబంధాలను కలుపుకోవాలని కూడా ప్రవక్త (స) చెప్పారు. కాబట్టి ఆస్తి తగాదాతో రాకపోకలు మానిన అక్కచెల్లెళ్లు ఎవరైనా ఉంటే వారికి ముందుగా ఫోను చేయండి. ఏ యంత్రమూ ఇవ్వలేని ఆయుర్వృద్ధి సూత్రమది.

అల్లాహ్ మనకు ఆరోగ్యంతో కూడిన ఆయుష్షును, ఆ ఆయుష్షులో శుభాన్ని, హక్కులన్నీ తీర్చుకున్న తరువాత విశ్వాసంతో కూడిన ముగింపును ప్రసాదించుగాక! ఆమీన్.